మొదటి వేలిముద్ర

12 అక్టోబరు 1959, తాండూరు

ఈ రోజు కచేరి వరండాలో ఒక్క అర్జీ కూడా రాయలేదు. నిన్నా అంతే. ఉర్దూలో రాయించుకునేవాళ్ళు కరువయ్యారు. తెలుగులో కావాలనుకునేవాళ్ళు టైపు మిషను పెట్టుకున్నాయన దగ్గరికి పోతున్నారు. ఆ మిషను టకటకమంటూ ఉంటే జనానికి పని జరుగుతున్నట్టు అనిపిస్తుంది కాబోలు. ముప్పై ఏళ్ళు అర్జీలు రాసిన మున్షీ జంగప్ప అనే నేను ఎదురుగా కూర్చుని ఈగలు తోలుకుంటున్నాను.

అందుకే ఈ డైరీ. చెయ్యి మొద్దుబారకుండా ఉంటుందని, అంతే. మాట్లాడేవాళ్ళు లేక కాదు.

నా భార్య శంకరమ్మకు ఈ ఊరి నాపరాతి దుమ్ము పడదు. నవాబుపేటలో తమ్ముడి దగ్గర ఉంటుంది. పదమూడేళ్ళుగా అక్కడే. అక్కడ గాలి మంచిదట.

19 అక్టోబరు

యాలాల్ తోవలో రైలు గేటుకు తాళం పడి ఆరు నెలలైంది. గేటు మనిషిని తీసేశారు. ఎడ్లబండ్లు రెండున్నర మైళ్ళు చుట్టు తిరిగి పోతున్నాయి. మనుషులు అంత దూరం ఎక్కడ తిరుగుతారు? గొల్లగేరి ఇళ్ళన్నీ పట్టాలకు ఇవతల ఉన్నాయి. తాగే నీళ్ళ బావి, గొర్రెల మేత అవతల. నాపరాయి మోసే గూడ్సు బండి సిగ్నలు కోసం గంట, గంటన్నర సరిగ్గా అక్కడే అడ్డంగా ఆగుతుంది.

ఈ రోజు అటు పోయి కళ్ళారా చూశాను. ఆడవాళ్ళు బిందెను ముందు గూడ్సు డబ్బా కిందికి తోసి, వెనక తాము మోకాళ్ళ మీద పాకి అవతలికి పోతున్నారు. వచ్చేటప్పుడు నిండు బిందెతో అదే పని. చక్రాల మధ్య నీళ్ళు ఒలకకుండా పాకడం కూడా నేర్చుకున్నారు.

అందరికంటే చివర పాకి వచ్చింది కాశమ్మ. చనిపోయిన ఈరయ్య భార్య. అరవై దాటి ఉంటుంది. లేచి చీర దులుపుకుంది, నన్ను చూసింది, బిందె ఎత్తుకుని పోయింది. పలకరించలేదు. ఎందుకు పలకరించాలి? నాకు ఆమెతో ఏం పని?

2 నవంబరు, వికారాబాదు

పొద్దున బండికి వచ్చి జనార్దన్ వకీలును కలిశాను. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. అయినా కుర్చీ చూపిస్తాడు, చాయ్ తెప్పిస్తాడు. గేటు మీద తహసీల్దారుకు అర్జీ రాస్తానంటే నవ్వాడు.

"రైలు సంగతి తహసీల్దారు చేతుల యాడుంది జంగప్ప సాబ్? గది ఢిల్లీల తెగాలె. పార్లమెంటుల ఒక కమిటీ ఉన్నది, జనం పిటిషన్లు సూసెటందుకే. పదిహేను మంది మెంబర్లు. మన ఎంపీ దస్కతు పెట్టి సభల ఇస్తే కమిటీకి పోతది. కాయిదా ప్రకారం ఉన్నదా లేదా సూస్తరు, రైల్వేను జవాబు అడుగుతరు, రిపోర్టు రాస్తరు. గని ఒక్కని బాధ గాదు, అందరి బాధ గావాలె. కోర్టుల నడిచేది గావద్దు."

పదిహేను మంది! ఇన్నాళ్ళూ నా రాతను ఒక పేష్కారు గుమాస్తా చదివేవాడు, అదీ ఆవలిస్తూ. నేను తెలుగులో రాస్తే ఇంగ్లీషు తర్జుమా తాను చేస్తానన్నాడు వకీలు. వచ్చేటప్పుడు బండిలో చోటు లేకపోయినా నిలబడే వచ్చాను, కాళ్ళు నొప్పి పుట్టలేదు.

9 నవంబరు

అర్జీ కుదిరింది. "గరీబ్ పర్వర్ సలామత్", పేదల పాలకులు చల్లగా ఉండాలి, అని మొదలుపెట్టి, దయాసముద్రులైన సభ్యులను తగిన విధంగా పొగిడి, అప్పుడు గేటు దగ్గరికి వచ్చాను. ఇట్లా రాసేవాళ్ళు ఈ జిల్లాలో ఇంకెవరున్నారు?

వేలిముద్రలు కూడా మొదలయ్యాయి. మా వృత్తిలో పద్ధతి ఒకటే. ముద్ర ముందు, రాత వెనక. పల్లెవాళ్ళు ఒకసారి పిలిస్తే వస్తారు, రెండోసారి రారు. అందుకని తెల్ల కాగితం కింది సగంలో ముద్రలు వేయించుకుని, పై సగం మనం తీరిగ్గా నింపుకుంటాం. బజారులో, రాతిగనుల దగ్గర రెండు రోజుల్లో నూట నలభై ముద్రలు పడ్డాయి.

గొల్లగేరికి పోలేదు. కుదరలేదు.

14 నవంబరు

ఈ రోజూ కుదరలేదు.

20 నవంబరు

కట్ట వకీలుకు పంపాను. అర్జీ అంతా మొదటి కాగితంలోనే ఇమిడిపోయింది, కాబట్టి మిగతా కాగితాల పై సగం ఖాళీగానే వదిలేశాను. మొదటి సంతకం నాది. ఢిల్లీలో పిటిషన్‌ను మొదటి సంతకం పేరుతోనే పిలుస్తారట. "జంగప్ప వగైరా."

3 డిసెంబరు

ఒక్కడికి వంట చేసుకోవడం నాకు ఇంతవరకు రాలేదు. ఎప్పుడు వండినా ఇద్దరి అన్నం అవుతుంది.

18 జనవరి 1960

పిటిషన్ తిరిగొచ్చింది.

వకీలు ఒక్కొక్కటే చదివి చెప్పాడు. కాగితాలు ఎక్కువైతే ప్రతి కాగితం పైన మన కోరిక ఏమిటో మళ్ళీ రాయాలి. ముద్ర వేసినవాళ్ళ పేరు, ఊరు పక్కన ఉండాలి. ఇంగ్లీషు తర్జుమా మీద కూడా ముద్రలు పడాలి. పొగడ్తలు అక్కరలేదు, మర్యాదగా సూటిగా ఉంటే చాలు. పొగడ్తల మాట దగ్గర నాకు ముఖం మాడిపోయింది. కానీ అసలు దెబ్బ అది కాదు.

"పైన కోరిక ఏందో లేకుంటే కింద ముద్ర యేసినోనికి ఏం దెల్వాలె సాబ్?" అన్నాడు జనార్దన్. "రేపు ఎవడన్న పైన ఇంకోటి రాసుకుంటే వాని గతేంది? కమిటీ అడిగేది గదే."

ఏమీ తెలియక అన్నాడు. పదమూడేళ్ళ కింద అతనికి పాతికేళ్ళు కూడా ఉండవు, హైదరాబాదులో చదువుకుంటున్నాడు. నేను ఏం జవాబు చెప్పానో గుర్తు లేదు.

కట్ట చివర ఎంపీ సొంత చేత్తో రాసిన మాట ఉంది: "గేటు దాటే వాళ్ళ ముద్ర ఒక్కటి కూడా లేదు. మొదట వాళ్ళు ఉండాలి."

25 జనవరి

గొల్లగేరికి పోయాను. కాశమ్మ కొడుకు అంజిలయ్య మంచం వాల్చాడు, నీళ్ళు ఇచ్చాడు, అంతా విన్నాడు.

"గేటు గావాలె మున్షీ సాబ్, మస్తు పరేషాన్ ఉన్నది. గని కాయితం మీద ముద్ర మాత్రం యెయ్యం."

"నేను రాస్తే వద్దంటే వకీలు రాస్తాడు."

"ఎవ్వలు రాసినా గంతే. మా అవ్వ యెయ్యది. ఆమె యెయ్యకుంటే గేరిల ఒక్కలు యెయ్యరు."

కాశమ్మ గొర్రెపిల్లకు ఆకు తినిపిస్తూ అక్కడే ఉంది. తల ఎత్తలేదు. నేను ఆమెను అడగలేదు.

26 జనవరి

నేనేం చేశాను? ఊరి పటేలు చెప్పాడు, నేను రాశాను. రాయించినవాడిది తప్పా, రాసినవాడిది తప్పా? ఆ రోజుల్లో పటేలు మాట కాదని తాండూరులో బతికినవాడు ఎవడు? నేను రాయకపోతే ఇంకో మున్షీ రాసేవాడు, అదీ తప్పుల తడకగా. ఈరయ్య తెల్ల కాగితం మీద వేలు పెట్టాడు. పెట్టమని నేను అతని చెయ్యి పట్టుకోలేదు. ఏడెకరాల చెలక భూమి పోయింది, నిజమే. అప్పట్లో ఎందరివో పోయాయి. అందరికీ నేనే రాశానా?

ఈ సంగతి ఇక ఇక్కడ రాయను.

11 ఫిబ్రవరి

ఎవరూ రాలేదు.

14 మార్చి

పొరుగింటి మొగులమ్మ పండగకు చేసిన భక్ష్యాలు ఇచ్చింది. గిన్నె తిరిగి ఇవ్వడానికి పోయి, ఎండ మీద, నీళ్ళ మీద పావుగంట మాట్లాడాను. చివరికి ఆమే "పొయ్యి మీద పప్పున్నది" అని లోపలికి పోయింది. పావుగంట ఎక్కువే.

7 ఏప్రిల్

ఈ రోజు గేటు దగ్గర గూడ్సు కదిలింది.

కింద దేవమ్మ ఉంది. అంజిలయ్య భార్య. కూత వినపడలేదట. బిందె అవతలికి తోసింది, తాను సగం దూరింది, చక్రాలు కదిలాయి. పట్టాల మధ్య బోర్లా పడుకుండిపోయింది. పద్దెనిమిది డబ్బాలు ఆమె మీదుగా పోయాయి. లెక్కపెట్టింది కాశమ్మ, పట్టాల గట్టున నిలబడి. దేవమ్మకు దెబ్బ తగలలేదు. జడ మాత్రం కొసన తెగింది. సాయంత్రం దాకా ఆమెకు మాట రాలేదని బజారంతా చెప్పుకున్నారు.

గేటు అర్జీ నవంబరులోనే సరిగ్గా రాసి ఉంటే గేటు ఈపాటికి తెరిచేవారు. లేదు, ఇంత త్వరగా తెరిచేవారు కాదు. అయినా సరే.

9 ఏప్రిల్

అంజిలయ్య వచ్చి పిలిచాడు. పోయాను. కాశమ్మ గడపలో కూర్చుని ఉంది. పదమూడేళ్ళ తర్వాత నాతో మాట్లాడింది.

"ముద్ర యేస్త. గేరంత యేస్తరు. గని ముందుగాల మా ఆయిన ముద్ర మీద నువ్వు రాసిన కాయితం జదువు. అందరి ముంగట."

"అది నా దగ్గర లేదు కాశమ్మా. పటేలింట్లో ఉంటుంది."

"కాయితం లేకున్న నీకు యాదికుంటది. రాసినోనికి యాదికుండదా?"

గుర్తు లేదన్నాను. "ఫికర్ జెయ్యకు, యాదికొచ్చినప్పుడే రా" అంది. కోపంగా కూడా అనలేదు.

10 ఏప్రిల్

గుర్తు లేదు. వేల కాగితాలు రాశాను. ఏదని గుర్తుంటుంది?

11 ఏప్రిల్

గుర్తు లేదు.

12 ఏప్రిల్

పొద్దున ఒక కాగితం తీసుకుని కూర్చున్నాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఆగకుండా వచ్చింది. ఒక్క చుక్క తప్పు పోలేదు.

15 ఏప్రిల్

గొల్లగేరి అంతా కాశమ్మ వాకిట్లో కూర్చుంది. దేవమ్మ కూడా ఉంది, గోడకు ఆనుకుని. నేను నిలబడే చదివాను. రెండు వరుసలు ఉర్దూలో చదివేసరికి కాశమ్మ చెయ్యి ఎత్తింది.

"మాకు సమజయ్యెటట్టు జెప్పు."

తెలుగులో చెప్పాను. ఈరయ్య అనే నేను, తెలివిలో ఉండి, ఎవరి జబర్దస్తీ లేకుండా, నా సొంత ఇష్టంతో, ఫలానా హద్దుల ఏడెకరాల చెలకను పటేలుకు వదులుకుంటున్నాను. ఇక మీదట నాకు గానీ నా వారసులకు గానీ దాని మీద ఏ హక్కూ లేదు. ఈ కాగితం నాకు చదివి వినిపించారు, విని ఒప్పుకుని వేలిముద్ర వేశాను.

 దొడ్లో ఒక గొర్రె అరుస్తూ ఉంది.

"సదివి ఇనిపిచ్చినవా?" అంది కాశమ్మ.

"లేదు."

"మల్ల గట్లెందుకు రాసినవ్?"

"అట్లా రాయకపోతే కాగితం చెల్లదు."

"మా ఆయినకు ఏం కాయితమని జెప్పిన్రు?"

"మేత పన్ను రసీదని."

"ఎవ్వలు జెప్పిన్రు? పటేలు జెప్పిండా?"

పటేలు అని నోటిదాకా వచ్చింది. పటేలు పోయి నాలుగేళ్ళైంది, కాదనడానికి లేడు. వాకిలి నిండా జనం నా నోటి వైపే చూస్తున్నారు. పటేలు ఆ రోజు అసలు అక్కడ లేడు.

"నేనే చెప్పాను," అన్నాను. "ఇది మేత రసీదు ఈరయ్యా, వేలు పెట్టు అని నేనే చెప్పాను. నా మాట నమ్మి పెట్టాడు."

అంజిలయ్య లేచాడు. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. వాకిలి దాటి బయటికి పోయాడు.  కాశమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సచ్చేదాంక మా ఆయిన నేనేం గడ్డి తిని యేలు వెట్టిన అని తన్నుకుండు. తనదే తప్పనుకుండు," అంది. ఆగి, "గిప్పుడు గేటు కాయితం జదువు," అంది.

చదివాను. ఈసారి ప్రతి కాగితం పైన కోరిక రాసి తెచ్చాను. గేటు తెరవాలి, మనిషిని పెట్టాలి, వీలైతే పాదచారుల వంతెన కట్టాలి. ఏడు కాగితాలు, ఏడుసార్లూ చదివించింది. ఏడుసార్లూ ఒకటే ఉందా లేదా అని చూసింది. ఇంగ్లీషు కాగితం దగ్గర ఆగింది.

"గిండ్ల ఏమున్నది?"

"ఇదే. వకీలు రాశాడు. నాకు ఇంగ్లీషు సగం సగమే వచ్చు."

"అయితే నీగ్గూడ సగం దెల్వదు," అని దాని మీద కూడా వేసింది.

మొదటి వేలిముద్ర కాశమ్మది. నూట పద్దెనిమిది ముద్రలు. అంజిలయ్య చీకటి పడే ముందు వచ్చి వేశాడు, నా వైపు చూడకుండా. నా సంతకం అందరికంటే కింద పెట్టాను.

శంకరమ్మ సంగతి కూడా రాస్తాను. ఆ కాగితం రాసిన పూట ఇంటికి వచ్చి ఆమెకు చదివి వినిపించాను, ఉర్దూ ఎంత చక్కగా కుదిరిందో వినమని. మొత్తం విన్నది. వారం తర్వాత నవాబుపేట పోయింది. దుమ్ము సంగతి నేను కల్పించిందే.

22 ఆగస్టు

ఎంపీ మన పిటిషన్‌ను సభలో ఇచ్చాడని వకీలు కార్డు రాశాడు. కమిటీకి పోయిందట. అక్కడ దాని పేరు "కాశమ్మ వగైరా". గేరికి పోయి చెప్పాను. దేవమ్మ నవ్వింది. కాశమ్మ "మంచిదే" అని లోపలికి పోయింది.

17 అక్టోబరు

వకీలును అడిగితే, కమిటీ రైల్వే మంత్రిత్వ శాఖను జవాబు అడిగిందన్నాడు. "జర ఓపిక వట్టాలె సాబ్. దేశమంతటి కాయితాలు గాడికే వస్తయి." దేశంలో ఇంకెందరు ఇట్లా ఎదురుచూస్తున్నారో.

6 డిసెంబరు

ఇద్దరు రైల్వే ఆఫీసర్లు గేటు దగ్గర కుర్చీలు వేసుకుని మూడు రోజులు మనుషులను లెక్కపెట్టారు. మొదటి రెండు రోజులు, ఏం విచిత్రమో, ఒక్క గూడ్సు కూడా ఆగలేదు. ఎప్పుడూ లేనంత సాఫీగా పోయాయి. ఆడవాళ్ళు దర్జాగా పట్టాలు దాటి నీళ్ళు తెచ్చుకున్నారు. నాకు తల బాదుకోవాలనిపించింది. మూడో రోజు పది గంటలకు నలభై డబ్బాల బండి వచ్చి ఆగింది. ఇరవై ఆరు మంది దాని కింది నుంచి పాకారు. చిన్న ఆఫీసరు లేచి, టోపీ తీసి, వంగి చూశాడు. మళ్ళీ కుర్చీలో కూర్చోలేదు.

19 ఫిబ్రవరి 1961

నవాబుపేటకు ఉత్తరం రాశాను. గొల్లగేరిలో ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాశాను. రమ్మని రాయలేదు.

30 మార్చి

జవాబు లేదు.

4 మే

కమిటీ రిపోర్టు సభ ముందుకు వచ్చిందని వకీలు కబురు. వివరం తనకూ తెలియదు. పిటిషన్ మీద మొదటి ముద్ర ఎవరిదో వాళ్ళకే ఆ కాగితం పోతుందట. అంటే కాశమ్మకు.

ఇంగ్లీషు కాగితం. చదివించుకోవాలంటే నా దగ్గరికే తేవాలి కదా. సామాన్లు సర్ది, మంచం మీద దుప్పటి మార్చాను.

9 మే

పోస్టుమనిషి కనిపిస్తే అడిగాను. కాశమ్మ ఉత్తరం నిన్ననే ఇచ్చాడట.

10 మే

రాలేదు. పొద్దున కచేరికి కూడా పోలేదు నేను.

11 మే

రాలేదు.

12 మే

అంజిలయ్యను, కాశమ్మను స్టేషన్ దగ్గర చూశానని మొగులమ్మ చెప్పింది. స్టేషన్ మాస్టరుకు ఇంగ్లీషు బాగా వచ్చు. సరే. నా దగ్గరికి ఎందుకు రావాలి? నేను వాళ్ళ స్థానంలో ఉన్నా పోను. గేటు తెరిచారో లేదో ఎవరో ఒకరు చెప్తే తెలుస్తుంది. ఇంత మాట రాసుకుని కూడా ఏడుపు ఆగడం లేదు. ఈ వయసులో ఏం ఖర్మ.

13 మే

ఈ రోజు పదకొండు గంటలకు వచ్చింది. ఒక్కతే. గుమ్మం బయటే నిలబడి రొంటిలోంచి కవరు తీసింది.

"టేషన్ మాస్టర్ జదివిండు. బడిల పెద్దసారు జదివిండు. గిప్పుడు నువ్వు జదువు."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, తెలియని మాట వచ్చినచోట నిఘంటువు చూసుకుంటూ చదివాను. అరగంట పట్టింది. కదలకుండా నిలబడి విన్నది. కాశమ్మ, ఇతరుల పిటిషన్‌ను కమిటీ పరిశీలించింది. రైల్వే వాళ్ళు వచ్చే నెల నుంచి పొద్దున ఆరు మొదలు సాయంత్రం ఏడు దాకా గేటు తెరిచి మనిషిని పెట్టడానికి ఒప్పుకున్నారు. వంతెన కుదరదన్నారు. అంతవరకు చెప్పి ఆగాను. కింద ఇంకొక వరుస ఉంది. ఆమె ముఖంలో ఎప్పుడూ లేని తేట కనిపించింది. ఆ వరుస చెప్పకుండా కవరు మడిచి ఇస్తే అట్లాగే సంతోషంగా పోతుంది. నాకూ కాస్త మంచిపేరు మిగులుతుంది.

"ఇంకోటి ఉంది కాశమ్మా," అన్నాను. "ఇది ఏడాదికే. ఏడాది తర్వాత రాకపోకలు మళ్ళీ లెక్కపెడతారు. తక్కువైతే గేటు మూసేస్తారు."

కాశమ్మ చెయ్యి చాచి కాగితం తీసుకుంది.

"ఆ మాట టేషన్ మాస్టర్ జెప్పలే," అంది. "పెద్దసారు జెప్పిండు. నువ్వు జెప్తవో జెప్పవో అని సూసిన."

కవరు మళ్ళీ రొంటిలో దోపుకుంది. రెండడుగులు వేసి ఆగింది.

"మల్ల రాయాలంటే ఏడాదిల రాయాలె గద. అప్పుడు వస్త."

అంతే అంది, పోయింది. క్షమించినట్టు ఒక్క మాట అనలేదు, అనదు. మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాను. ఎంత సంతోషంగా ఉందో రాయడానికి సిగ్గేస్తోంది. ఈ పదిహేనేళ్ళలో మళ్ళీ వస్తానని నాతో చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.